పైను వనముల పుట్టగొడుగు

రేడియోకు తీరని లోపము ఒకటి ఉన్నది. పాటను పంపగలము, మాటను పంపగలము, తెల్లవారుజామున కూసిన కోకిలను ఉన్నది ఉన్నట్లుగా మీ ఇంటి నడవలోనికి తేగలము. వాసనను మాత్రము పంపలేము. నేటి ప్రసంగమునకు ఆ లోపము పెద్ద అడ్డంకియే. ఎందుచేతననగా, నేను చెప్పబోవు పుట్టగొడుగునకు వాసనయే ప్రాణము. జపాను దేశములో దానిని ‘మత్సుతాకే’ అందురు. మత్సు అనగా పైను చెట్టు, తాకే అనగా పుట్టగొడుగు. దాల్చినచెక్కను అప్పుడే విరిచినప్పటి ఘాటును, తొలివానకు తడిసిన అడవినేల కమ్మదనమును కలిపి ఊహించుకొనుడు. దాని దరిదాపులకు వచ్చినట్లే. రుచికి వేరొక పుట్టగొడుగు ఉన్నది గాని పరిమళమునకు మత్సుతాకేయే అని అక్కడ సామెత. క్రీస్తుశకము ఎనిమిదవ శతాబ్దిలో కూర్చబడిన వారి ప్రాచీన కవితాసంకలనము ‘మన్యోషూ’లో, శరత్కాలమున కొండమీద నిండిన ఒక పరిమళమును పొగడిన పద్యమున్నది, అది మత్సుతాకేను గూర్చినదేయని పండితుల తలంపు.

అట్టి పుట్టగొడుగు నేడు ఆపదలో ఉన్నది. ప్రకృతి పరిరక్షణ కొరకు పనిచేయు అంతర్జాతీయ సంఘము, అంతరించు ప్రమాదమున్న జీవజాతులను నమోదుచేయు తన ఎర్ర జాబితాలో, 2020వ సంవత్సరమున మత్సుతాకేను చేర్చినది. జపానులో 1941లో ఏరిన మత్సుతాకే సుమారు 12,000 టన్నులు. ఈ మధ్యకాలమున పెక్కు సంవత్సరములలో అది 100 టన్నులకు మించుట లేదు. నూటికి తొంబదితొమ్మిది పాళ్లు పోయినదన్నమాట.

అడవిలోని ప్రాణికి ఆపద వచ్చినదనగానే మన కన్నులయెదుట నిలుచు బొమ్మ ఒకటే: గొడ్డలి పట్టిన మనిషి. అతడు అడవిలో ప్రవేశించినాడు, అడవి పాడైనది. మత్సుతాకే కథ దీనికి ఎదురు. జపాను కొండలలో అది తరిగిపోవుటకు ముఖ్యకారణము మనిషి అడవిలోనికి పోవుట కాదు, పోవుట మానుట. ఈ మాట విడ్డూరముగా తోచును గనుక కొంచెము నిదానముగా చెప్పవలసియున్నది.

మొదట మన యింటి పుట్టగొడుగునే చూతము. ఆ పేరులోనే ఒక శాస్త్రవిషయము దాగియున్నది. పుట్టలపై మొలచు గొడుగు గనుక అది పుట్టగొడుగు. వానలు పడిన పిమ్మట చెదపుట్టలమీద లేచు ఆ తెల్లని గొడుగులు ఊరక మొలచినవి కావు. పుట్టలోపల చెదలు తాము నమలిన కట్టెపుల్లల పిప్పితో చిన్న చిన్న మళ్లవంటివి కట్టి, వాటిమీద ఆ శిలీంధ్రమును పెంచుకొనుచుండును. శిలీంధ్రము చెదలకు ఆహారమును అమర్చిపెట్టును. చెదలు శిలీంధ్రమునకు ఇల్లు కట్టిపెట్టును. చెదలను తరిమివేసి ఆ గొడుగును మాత్రము నిలుపుకొందమన్న కుదరదు. పేరు పెట్టిన మన పూర్వులకు లోపలి సంగతి ఎంత తెలియునో గాని, పుట్టను విడిచి గొడుగును చెప్పలేదు. మత్సుతాకేకును అట్టి తోడు ఉన్నది. పేరులోని పైను చెట్టు ఒక తోడు; పేరులోనికి ఎక్కని పల్లెవాసి రెండవ తోడు.

మనము పుట్టగొడుగు అని పిలుచునది నిజమునకు ఒక కాయవంటిది మాత్రమే. మామిడికాయను చూచి అదియే మామిడిచెట్టు అనుకొనము గదా! శిలీంధ్రము అసలు శరీరము నేలలో ఉండును. సాలెపోగుకంటె సన్నని తెల్లని దారములు లెక్కకు మిక్కిలిగా అల్లుకొని మట్టిని పెనవేసికొని యుండును. అదను వచ్చినప్పుడు అవి ఒకచోట ముడివడి గొడుగుగా పైకి లేచును. గొడుగు అడుగున నున్న రేకులనుండి గింజలకు మారుగా సన్నని ధూళి గాలికి ఎగిరిపోవును. తరువాత గొడుగు కుళ్లిపోవును, దారములు నిలిచియుండును.

ఇట్టి శిలీంధ్రములలో కొన్ని ఎండుటాకులను, చచ్చిన కొయ్యను తిని బ్రతుకును. వరిగడ్డిమీద మనవారు పెంచు పుట్టగొడుగులు ఈ తెగవే. అందుచేతనే వాటిని పాకలలో సాగుచేయగలుగుచున్నారు. మత్సుతాకే ఆ తెగ కాదు. అది సజీవమైన పైను చెట్టును ఆశ్రయించును. దాని దారములు వేరు కొనలను తొడుగువలె చుట్టి, వేరు పైపొరలలోని కణముల నడుమకు దూరును. చెట్టు తన ఆకులలో తయారుచేసిన చక్కెరలో కొంతపాలు శిలీంధ్రమునకు ముట్టును. అందుకు బదులుగా శిలీంధ్రము, వేరు చొరలేని సందులలోనికి తన దారములను పంపి, నీటిని, భాస్వరమువంటి లవణములను తెచ్చి చెట్టుకు అందించును. ఈ పొత్తును స్పష్టముగా వర్ణించి పేరుపెట్టినవాడు ఫ్రాంకు అను జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు. అది 1885వ సంవత్సరము. ప్రష్యా ప్రభుత్వము ఆయనకు అప్పగించిన పని వేరు. ట్రఫుల్ అను ఖరీదైన నేలలోపలి శిలీంధ్రమును సాగుచేయు ఉపాయము చూడుమని కోరిరి. ఆయన ఆ సాగుకు దారి చూపలేదు గాని, చెట్టుకును శిలీంధ్రమునకును గల చుట్టరికమును లోకమునకు చూపినాడు. దానికి ఆయన ఇచ్చిన పేరు మైకోరైజా. శిలీంధ్రమూలమని మనము అనుకొనవచ్చును.

మత్సుతాకే దారములు పైను వేళ్లతో కలసి మట్టిలో గట్టి తెల్లని చాపవలె ఏర్పడును. జపానువారు దానిని ‘షిరో’ అందురు. ఆ ధ్వనికి వారి భాషలో తెలుపు అనియు, కోట అనియు కూడ అర్థములున్నవి. రెండును ఇక్కడ చక్కగా అమరినవి. షిరో ఉన్నచోట మట్టి బూడిదరంగున పొడిపొడిగా నుండును. ఇతర సూక్ష్మజీవులు అందులో అంతగా నిలువలేవు. ఈ కోట వలయాకారముగా వెలుపలికి విస్తరించుచుండును. సాధారణముగా ఏడాదికి 10 నుండి 15 సెంటీమీటర్లు. ఆ వలయపు అంచుననే శరత్తులో గొడుగులు లేచును. అనగా ఈ ఏడు దొరికిన తావునకు మరుసటి ఏడు పోయి జానెడు ఎడముగా వెదకినచో మరల దొరకవచ్చును. కావుననే చోటు తెలిసినవాడు నోరు విప్పడు. తండ్రి కొడుకునకు కూడ చెప్పడని అక్కడ వాడుక.

లేచుటకు దానికొక సమయమున్నది. వేసవి గడచి నేల చల్లబడి, పైమట్టి వేడి సుమారు 19 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగినప్పుడు మట్టిలో చిన్న చిన్న మొగ్గలు కట్టును. అప్పుడు వాన కావలెను. రెండు మూడు వారములలో గొడుగు పైకి వచ్చును. మొగ్గ కట్టిన పిమ్మట మరల ఎండలు కాచి నేల వేడెక్కినచో మొగ్గలు చచ్చిపోవును. భూమి వాతావరణము వేడెక్కుచున్న ఈ రోజులలో శరత్తు ఆలస్యముగా వచ్చుటయు, వచ్చిన చలి మధ్యలో తప్పుకొనుటయు దానికొక క్రొత్త బెడద. ఇది ఇప్పుడు చేరిన కష్టము. పాత కష్టము నేలది.

కోట అన్నాను గాని, అది బీదనేలలో మాత్రమే నిలుచు కోట. ఎరువు గల నేల మత్సుతాకేకు గిట్టదు. గ్రానైటు రాయి శిథిలమై ఏర్పడిన గరప నేల, కొండ గట్టులమీది ఎండ తగులు తావు, ఎర్ర పైను అను జాతి చెట్లు, వాటిక్రింద పలుచని ఆకుచెత్త. ఇవి దానికి కావలసినవి. చెట్లకు ఇరువదియేండ్లైనను దాటవలెను. నలుబది, అరువదియేండ్ల పైను తోపులు దానికి మంచి పట్టు. రాలిన ఆకు తీసివేయువారు లేక ఏటేట పేరుకొని, కుళ్లి, నల్లని మెత్తని మట్టిగా మారినదా, ఆ సారవంతమైన పొరలో ఇతర శిలీంధ్రములు, సూక్ష్మజీవులు త్వరత్వరగా పెరిగి దీనిని నెట్టివేయును. వెడల్పాకుల చెట్లు లేచి నేలకు నీడ పడును. ఎండ లేనిచోట పైను గింజ మొలచినను బ్రతుకదు. ముసలి పైనులు పడిపోయిన తరువాత వాటి స్థానమున పైనులు రావు. అడవి పచ్చగానే ఉండును. చూడవచ్చినవారికి మునుపటికంటె దట్టముగానే కనిపించును. మత్సుతాకే మాత్రము ఉండదు.

మరి ఇన్ని శతాబ్దములు ఆ కొండలను బీదగా ఉంచినవారెవరు? పల్లెవారు. నారా, క్యోటో నగరముల చుట్టుప్రక్కల పూర్వము ఉన్నవి అధికముగా వెడల్పాకుల అడవులు. దేవాలయములకు, భవనములకు దూలములు కావలసివచ్చినవి. కుండల ఆవములకు, కొలుములకు, ఇంటి పొయ్యిలకు కట్టెలు కావలసివచ్చినవి. కొండలు బోడివైనవి. ఆ బోడినేలలో, ఎండలో, ఇతర చెట్లు తట్టుకొనలేనిచోట ఎర్ర పైను మొలచినది. దానివెంట మత్సుతాకే వచ్చినది. తరువాత ఊరివారు ఆ పైను తోపులను తమ యింటి పెరడువలె వాడుకొనిరి. ఊరికి చేరువగా నున్న అట్టి కొండలకు ‘సతోయామా’ అని పేరు. అనగా ఊరికొండ. చెట్ల నడుమ లేచిన పొదలను వంటచెరకుగా కొట్టుకొనిరి. వ్రేళ్లవలె వంగిన వెదురుబద్దల చీపుళ్లతో రాలిన ఆకును ఊడ్చి పొయ్యిలోనికి కొంత, వరిచేల ఎరువుదిబ్బకు కొంత చేర్చిరి. ఎవరును పుట్టగొడుగు కొరకు ఊడ్వలేదు. అన్నము ఉడుకుట కొరకు ఊడ్చిరి, వరి పండుట కొరకు ఊడ్చిరి. ఆ ఊడ్పులో మత్సుతాకే బ్రతికినది.

మన కోస్తా తీరపు సరుగుడు తోటలను ఎరిగినవారికి ఈ దృశ్యము క్రొత్త కాదు. నా బాల్యమున చూచినదే చెప్పుచున్నాను. తెల్లవారకమునుపే ఆడవారు చీపుళ్లు, గోతములు పట్టుకొని తోటలలోనికి పోయెడివారు. సూదులవలె రాలిన సరుగుడాకును ఊడ్చి, కుప్పలు చేసి, గోతములలో కూరి నెత్తిన పెట్టుకొని ఎండ ఎక్కకమునుపే తిరిగివచ్చెడివారు. ఆ ఆకు భగ్గున మండి చప్పున ఆరిపోవును; పొయ్యి దగ్గర ఒకరు కూర్చుండి ఎగద్రోయుచునే ఉండవలెను. కాని ఆ చెట్లక్రింద నేల మాత్రము పెండ్లివాకిలివలె ఉండెడిది. నేడు ఆ యిండ్లలో పెక్కింట గ్యాసు పొయ్యి ఉన్నది.

జపానులోను జరిగినది అదియే, కొంచెము ముందుగా. 1950 దశకము నడిమినుండి కిరసనాయిలు, గ్యాసు, విద్యుత్తు పల్లెయిండ్లకు చేరినవి. రసాయనికపు ఎరువులు వచ్చి ఆకు ఎరువును మరపించినవి. పడుచువారు పట్టణములకు పోయిరి. యుద్ధానంతరము ఇండ్ల కలప కొరకు ‘సుగీ’, ‘హినోకీ’ అను చెట్లను పెద్దఎత్తున నాటుటచే కొన్ని పైను కొండలు వాటిపాలైనవి. మిగిలినవాటిని పట్టించుకొన్నవారు లేరు. ఇందులో ఎవరిని నిందింపగలము? పొగలో కన్నీరు కార్చుచు వంటచేసిన యిల్లాలిని, ఒక పుట్టగొడుగు కొరకు మరల ఆ పొయ్యిముందు కూర్చుండుమని చెప్పు ధైర్యము నాకు లేదు. చెప్పిన వినవలసిన పనియు ఆమెకు లేదు.

ఇంతలో పైను చెట్లకే మృత్యువు వచ్చినది. 1905లో నాగసాకి ప్రాంతమున పైను చెట్లు మూకుమ్మడిగా ఎండిపోవుట మొదటిసారి గమనింపబడినది. కారణము తెలియుటకు అరువదియేండ్లు పైబడినవి. పెంకుపురుగులు చెట్టును తొలుచుట కనబడుచునే ఉన్నది గనుక దోషమంతయు వాటిదేయని చాలకాలము తలచిరి. 1971లో కియోహారా, తొకుషిగే అను ఇద్దరు శాస్త్రజ్ఞులు అసలు హంతకుని పట్టుకొనిరి. అది మిల్లీమీటరు పొడవైన లేని ఒక నులిపురుగు. అమెరికా ఖండమునుండి కలపతో వచ్చి చేరినది. అక్కడి పైనులు అనాదిగా దానితో కలసి పెరిగినవి గనుక పెక్కు జాతులు దానికి లొంగవు. జపాను పైనులు దానిని ఎన్నడును ఎరుగవు.

ఈ నులిపురుగు నడచి పోలేదు. దానికి బండి పెంకుపురుగు. వేసవి ఆరంభమున, చచ్చిన పైను కొయ్యలోనుండి పెంకుపురుగు రెక్కలు విప్పుకొని బయటికి వచ్చును. దాని శ్వాసనాళములలో వేలకొలది నులిపురుగులు ఇమిడియుండును. అది ఆరోగ్యముగానున్న పైను లేతకొమ్మల బెరడును కొరికి తినును. ఆ గాయములోనుండి నులిపురుగులు చెట్టులోనికి దిగును. కొలది వారములలో చెట్టు జిగురు కార్చుట మానివేయును. నీరు పైకెక్కు నాళములు పనిచేయవు. వేసవి ముగియునప్పటికి పచ్చని చెట్టు తుప్పురంగున నిలుచును. బలహీనపడిన ఆ చెట్టులోనే పెంకుపురుగు గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగులు కొయ్యలో చలికాలము గడపి మరుసటి వేసవికి మరల నులిపురుగులను మోసికొని బయలుదేరును.

ఇక్కడ మన కథలోని రెండు పోగులు కలియుచున్నవి. వంటచెరకు కావలసియున్న కాలమున కొండమీద ఎండిన పైను ఏదైనను శీతకాలములోపల పొయ్యిలోనికి పోయెడిది. కొయ్యతోపాటు అందులోని పురుగు పిల్లలును కాలిపోయెడివి. చచ్చిన చెట్టు ఎవరికిని అక్కరలేని దినములు వచ్చిన పిమ్మట అది కొండమీదనే నిలిచినది. ఒక్కొక్క మోడు వందలకొలది పెంకుపురుగులకు పురిటిల్లైనది. 1979 నాటికి ఒక్క సంవత్సరములో చచ్చిన పైను కలప 24 లక్షల ఘనమీటర్లు. చెట్టు చచ్చినచో వేరు చచ్చును. వేరు చచ్చినచో షిరోకు ఆహారము లేదు. మందులు చల్లిరి, చచ్చిన చెట్లను కొట్టి కాల్చిరి. తెగులు మాత్రము ఉత్తరమునకు ప్రాకుచునే పోయినది. సముద్రము దాటి చైనాకు, కొరియాకు, 1999లో యూరపు ఖండమున పోర్చుగలుకును చేరినది. మెచ్చదగిన పని ఒకటి జరిగినది: 1978లో ఆరంభించి, తోపులకు తోపులే చచ్చినచోట్ల ప్రాణముతో మిగిలిన చెట్లను వెదకి, వాటి సంతతిని నులిపురుగులతో పరీక్షించి, తట్టుకొనగల ఎర్ర పైనులను 92 ఎంచిరి. తెగులును ఓర్చుకొను పైను నారుకు అవి మూలమైనవి.

తరుగుచున్న వస్తువునకు ధర పెరుగుట సహజము. జపానులో మత్సుతాకే కూరకు కొను వస్తువు కాదు. గౌరవనీయులకు బుట్టలో పెట్టి పంపు కానుక. ఊరుమ్మడి కొండలలో ఏరుకొను హక్కును ఏటేట వేలము వేయు ఆచారము గల గ్రామములున్నవి. స్వదేశములో దొరకనప్పుడు విదేశములవైపు చూడక తప్పలేదు. నేడు అక్కడి బజారులో అమ్ముడగువాటిలో అత్యధికభాగము చైనా మొదలైన పరదేశములనుండి విమానములలో వచ్చినదే. అమెరికా, కెనడాలలోని దగ్గరి చుట్టమైన జాతియు వచ్చుచున్నది.

ఈ వెదకులాటలో నవ్వు పుట్టించు సంగతి ఒకటి బయటపడినది. 1905లోనే, నాగసాకి పైనులు ఎండిన యేటనే, నార్వే వృక్షశాస్త్రజ్ఞుడు బ్లిట్టు వర్ణించిన ఒక పుట్టగొడుగు ప్రకటింపబడినది. దాని వాసన ఆయనకు ఎట్లు తోచినదో గాని, ‘వాంతి తెప్పించునది’ అను అర్థము వచ్చు లాటిను పేరు పెట్టినాడు. 2000వ సంవత్సరమున స్వీడను పరిశోధకులు వంశద్రవ్యమును పోల్చిచూడగా, అది జపానువారు ప్రాణము పెట్టు మత్సుతాకేయే అని తేలినది! శాస్త్రనియమము ప్రకారము ముందు పెట్టిన పేరే నిలువవలెను. జపానులో శాస్త్రీయముగా పేరు పెట్టినది 1925లో. లోకవాడుకను పాటించి మినహాయింపు నిచ్చి, మత్సుతాకే పేరునే ఉంచిరి. వాసన ముక్కులో ఉన్నదా, మనస్సులో ఉన్నదా అను ప్రశ్నను మీకు విడిచి ముందుకు పోవుచున్నాను.

మన పొరుగున భూటానులోను మత్సుతాకే పెరుగును. అక్కడి కొండపల్లెలకు అది వానకాలపు రాబడి. గెనెఖా, ఊరా అను చోట్ల దాని పేరిట ఉత్సవములును జరుపుచున్నారు. చైనాలోని యున్నాను కొండలలో, టిబెట్టు సరిహద్దు గ్రామములలో, పెక్కు కుటుంబములకు ఏడాది మొత్తముమీద చేతికి వచ్చు రొక్కములో ముఖ్యభాగము దీనిదే. ఇక్కడ కష్టము జపానుదానికి విరుద్ధమైనది. అక్కడ మనుష్యులు అడవిని విడిచిపోయిరి; ఇక్కడ అడవిమీద పడుచున్నారు. గొడుగు విచ్చుకొనని మొగ్గకు ధర ఎక్కువ. మొగ్గను కోసినచో ధూళి గాలిలో కలియదు; క్రొత్త తావులకు వ్యాపించు అవకాశము పోవును. మట్టిలోపలనే మొగ్గను పట్టుకొనవలెనను ఆత్రమున ఇనుపకొక్కెములతో నేలను పెళ్లగించువారున్నారు. ఊడ్చుట వేరు, త్రవ్వుట వేరు. పైచెత్తను ఊడ్చిన షిరోకు మేలు. షిరోనే చీల్చిన అది తెగిన వలవలె పనికిరాకుండును. అమెరికాలో ఒరెగాను రాష్ట్రమున అక్కడి జాతిపై ఏండ్లతరబడి పరీక్షించి చూచిరి. జాగ్రత్తగా చేతితో ఏరినచోట పంట తగ్గలేదు. లోతుగా గోకి, గోకిన చెత్తను తిరిగి కప్పనిచోట ఏండ్లు గడచినను కోలుకొనలేదు. చైనా ప్రభుత్వము 1999లో మత్సుతాకేను రక్షిత జాతుల రెండవ తరగతిలో చేర్చినది. అంతకంటె గట్టిగా పనిచేయునవి గ్రామములు తమకుతాము పెట్టుకొన్న కట్టుబాట్లని అక్కడివారి అనుభవము: ఫలానా దినములలో కొండ ఎక్కరాదు, ఇంతకంటె చిన్నది కోయరాదు, తీసిన గుంటను పూడ్చక కదలరాదు.

ఇంత విలువైనదానిని తోటలో పెంచరాదా అని మీరు అడుగుదురు. పెంచిచూడనివారు లేరు. ప్రయోగశాలలో సీసాలో దాని దారములను పెంచవచ్చును; పైను మొలక వేళ్లకు అంటించవచ్చును. అట్టి మొలకను కొండమీద నాటినచో, అచ్చటి ఇతర శిలీంధ్రములు దాని వేళ్లను ఆక్రమించుకొనును. చెట్టు, శిలీంధ్రము, నేల మూడును ఏండ్లకొలది కలసి కాపురముండిన గాని గొడుగు లేవదు. బజారునకు సరిపోవునట్లు సాగుచేసినవారు నేటివరకు లేరు.

కావున మిగిలిన మార్గము కొండను మరల ఊరికొండగా చేయుట. 2005లో క్యోటో నగరపు పొలిమేరలలో, మత్సుతాకే పరిశోధకుడు యోషిమూరా ఫుమిహికో నాయకత్వమున, స్వచ్ఛందముగా కొందరు ఈ పనికి పూనుకొనిరి. అందులో ఉద్యోగవిరమణ చేసినవారు పెక్కుమంది. ఎండిన పైనులను నరికి దింపుదురు, పొదలను కొట్టివేయుదురు, దశాబ్దములుగా పేరుకొన్న నల్లమట్టిని గీకి, బుట్టలకెత్తి క్రిందికి మోయుదురు. అడవిని కాపాడుట అనగా దానిని తాకకుండుట అని నమ్మినవారికి ఈ పని విధ్వంసమువలె కనిపించుటలో వింత లేదు. కొట్టిన కట్టెలను, తీసిన ఆకును వృథాచేయక ఆవములకు, ఎరువునకు, కూరతోటలకు పంపుదురు. గరప నేల బయటపడి ఎండ సోకినచోట పైను గింజలు వాటియంతట అవే మొలచును.

ఒక కొండమీద నాలుగు గట్టులను ఇట్లు చేయవచ్చును. దేశమంతట విడిచిపెట్టిన కొండలను ఊడ్చుట ఎవరి తరము? కూలి ఇచ్చి చేయింపబోయినచో ఖర్చు పుట్టగొడుగు వెలతో తీరదు. పూర్వము కొండలను శుభ్రముగా ఉంచినది కోట్ల పొయ్యిల ఆకలి. దానికి బదులుగా నిలుపదగినది నేడేమున్నదో, కొండల సొంతదారులును, అటవీశాఖవారును, ఈ ముసలివారును వాదించుకొనుచునే ఉన్నారు. మత్సుతాకే బాగుగా దొరకు చోట్లు, ఇంకను తెగులు అంతగా సోకని ఉత్తరపు జిల్లాలలోను, మధ్యజపానులోని ఎత్తైన చల్లని కొండలలోను కొన్ని మిగిలియున్నవి. గాలిలో ధూళి ఎగురవలెనన్న, ఆ చోట్లైనను నిలువవలెను.

2005లో అట్లు తెరిపిచేసిన గట్టున మొలచిన పైనుకు నేటికి ఇరువదియేండ్లు నిండినవి. వేళ్లు మత్సుతాకేకు ఇల్లియ్యగల వయస్సు ఇప్పుడే ఆరంభమగుచున్నది. మొదట నడుము కట్టినవారిలో కొందరు డెబ్బదియేండ్లు దాటినవారు. శరత్తు వచ్చి నేల చల్లబడిన తరువాత, ఆ చెట్ల మొదళ్లయొద్ద వంగి, రాలిన ఆకును వ్రేళ్లతో తొలగించి చూచి, మరల జాగ్రత్తగా కప్పుదురు.